తొమ్మిదికి ముందు మరో తొమ్మిది

2013 డిసెంబరు 1వ తేదీన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, మార్షల్ అనే చిన్న పట్టణంలో, ఒక మోటెల్ గదిలో ఒక యువతిపై దాడి జరిగింది. దాడి చేసినవాడు ఆమెతో విడిపోయి ఉంటున్న భర్తే. గదిలో ఆమె పిల్లలు ఉన్నారు. పెద్దపిల్లకు తొమ్మిదేళ్లు. ఆపద వస్తే 911 అనే నంబరుకు ఫోను చేయాలని ఇంట్లో పెద్దలు ఆ పిల్లకు నేర్పి ఉంచారు. ఎంత బెదరిపోయినా ఆ పిల్ల నేర్చుకున్నది మరువలేదు. గదిలోని టెలిఫోను అందుకొని 911 నొక్కింది. కలవలేదు. మళ్లీ నొక్కింది. మొత్తం నాలుగు సార్లు ప్రయత్నించింది. నాలుగు సార్లూ అవతలి నుంచి మనిషి గొంతు వినిపించలేదు. తల్లి ప్రాణం దక్కలేదు.

ఆ టెలిఫోనులో ఏ లోపమూ లేదు. తీగ తెగలేదు, కరెంటు పోలేదు. ఆ మోటెల్‌లో బయటి నంబరు ఏది కావాలన్నా ముందుగా ఒక 9 నొక్కాలి. అంటే ఆ పిల్ల నొక్కవలసిన నంబరు 911 కాదు, 9911. ఆ ఏర్పాటు ఆఫీసులలోను, హోటళ్లలోను పనిచేసే పెద్దలకు అలవాటైనదే. తొమ్మిదేళ్ల పిల్లకు దానిని ఎవరూ చెప్పలేదు.

ఇంత ఘోరానికి మూలం ఒక్క అంకె. టెలిఫోను లోపల ఎక్కడో ఎవరో ఒక ఇంజనీరు రాసి పెట్టిన ఒక చిన్న నియమం ప్రకారం, నొక్కిన నంబరులోని మొదటి 9 బయటి లైను కోసం చేసిన విన్నపం అవుతుంది. మిగిలినది మాత్రమే నంబరు. ఆ లెక్కన 911లో మొదటి అంకె తీసివేస్తే మిగిలేది 11. అది ఎవరి నంబరూ కాదు.

నంబరు దారిగా ఉన్న కాలం

ఈ నియమాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆటోమాటిక్ టెలిఫోను ఎక్స్ఛేంజికి ఆద్యుడు ఆల్మన్ స్ట్రోజర్ అనే అమెరికన్. వృత్తి రీత్యా అతడు శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారి. తనకు రావలసిన ఫోన్లను ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతున్నదన్న అనుమానంతో ఆపరేటరే లేని ఎక్స్ఛేంజిని కనిపెట్టాడని చెబుతారు. 1891లో అతనికి పేటెంటు లభించింది. మరుసటి సంవత్సరం ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో అటువంటి మొదటి ఎక్స్ఛేంజి పనిచేయసాగింది. ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి మన దేశంలో తొలిసారి అడుగు పెట్టినది సిమ్లాలో, 1913-14లో.

స్ట్రోజర్ పద్ధతిలో నంబరు అంటే దారే. చందాదారుడు 4 తిప్పితే ఎక్స్ఛేంజిలో ఒక ఇనుప చేయి నాలుగు మెట్లు పైకెక్కేది. తరువాతి అంకెకు ఇంకొక చేయి కదిలేది. వేలు తిప్పినట్లల్లా యంత్రం నడిచేది. కుడికి తిరుగు, రెండు వీధులు దాటు, ఎడమ పక్క మూడో ఇల్లు అని దారి చెప్పడం వంటిదే ఇది. చిక్కు ఏమంటే, బయలుదేరే చోటు మారితే దారి మారుతుంది. ఒకే ఇంటికి ఊరి తూర్పు నుంచి వచ్చేవారికి ఒక గుర్తు, పడమర నుంచి వచ్చేవారికి వేరొక గుర్తు చెప్పవలసి వస్తుంది. లండన్ వంటి మహానగరంలో డజన్లకొద్దీ ఎక్స్ఛేంజీలు ఉన్నప్పుడు ఒకే మనిషికి ఒక్కొక్క పేట నుంచి ఒక్కొక్క నంబరు ఉంటే ఎవరు గుర్తుంచుకుంటారు?

అందుకు బ్రిటిష్ తపాలా శాఖ 1927లో లండన్‌లోని హోబర్న్ ఎక్స్ఛేంజిలో డైరెక్టరు అనే యంత్రాన్ని ప్రవేశపెట్టింది. చందాదారుడు ఎక్కడి నుంచి చేసినా అవతలి ఎక్స్ఛేంజి పేరులోని మూడు అక్షరాలు తిప్పితే చాలు. ఆ మూడింటినీ డైరెక్టరు పట్టి ఉంచి, ఆ పేట నుంచి అక్కడికి చేరే దారికి తగిన వేరే అంకెలుగా మార్చి పంపేది. నాటి నుంచి నంబరు దారి కావడం మానేసి పేరు అయింది. పేరును దారిగా మార్చే పని యంత్రం నెత్తిన పడింది. దానికి ఇంజనీర్లు పెట్టిన మాట ట్రాన్స్‌లేషన్. ఒక భాష నుంచి మరొక భాషకు చేసే అనువాదానికీ ఇదే మాట. అనువాదకుడు పొరబడితే ఏమవుతుందో పుస్తకాలు చదివేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశంలో ఆపరేటరు సాయం లేకుండా ఒక ఊరి నుంచి మరొక ఊరికి చందాదారుడే నేరుగా మాట్లాడే ఎస్.టి.డి. సౌకర్యం 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. ఆ తరువాత ఊరూరికీ ఒక కోడ్ వచ్చింది, దాని ముందు ఒక సున్న వచ్చింది. ఆ సున్నకు ఊరితోగాని, మనిషితోగాని సంబంధం లేదు. అది ఎక్స్ఛేంజికి చేసే సైగ మాత్రమే. తరువాత రాబోయేది ఈ ఊరి నంబరు కాదు సుమా అని చెప్పడమే దాని పని. విదేశాలకు రెండు సున్నలు. ఆఫీసులో ఉంటే బయటి లైను కోసం ఇంకొక సున్న. ఇలా సైగల మీద సైగలు పేరుకున్నాయి. ఎక్కడ ఏ సైగ వదలాలో, ఎక్కడ ఏది చేర్చాలో చూసే గుమాస్తా ఒకడు అవసరమయ్యాడు.

గీతల మధ్య గుమాస్తా

ఈనాటి కార్యాలయాలలో ఆ గుమాస్తా ఒక చిన్న ఇనుప పెట్టె. దాని పేరు వాయిస్ రౌటరు. కంప్యూటరు నెట్‌వర్కు మీద నడిచే ఆఫీసు ఫోన్లను బయటి టెలిఫోను కంపెనీ లైన్లతో కలపడం దాని పని. సిస్కో కంపెనీ రౌటర్లు ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి కనుక వాటి పద్ధతినే చూడవచ్చు.

నియమం ఒక్క వరుసలో ఉంటుంది. రెండు ఏటవాలు గీతల మధ్య వెతకవలసినది రాస్తారు. తరువాతి రెండు గీతల మధ్య దాని స్థానంలో పెట్టవలసినది రాస్తారు. మొదటి జంటలో 9 రాసి, రెండవ జంటను ఖాళీగా వదిలితే 9ని తీసివేయమని అర్థం. మిగిలిన అంకెలు చెక్కుచెదరవు. చూడడానికి ఇంతే. కాని 9 అనే అంకెకు ముందు టోపీ వంటి చిన్న గుర్తు ఒకటి పెట్టాలి. నంబరు మొదట్లో ఉన్న 9 మాత్రమే అని ఆ గుర్తుకు అర్థం. దానిని మరచిపోతే రౌటరు నంబరులో ఎక్కడ మొదటి 9 కనబడితే అక్కడ దానిని మింగేస్తుంది. మొదట 9 లేని నంబరులోనైతే నడుమ ఉన్న 9 మాయమవుతుంది. అప్పుడు కొన్ని నంబర్లు కలుస్తాయి, కొన్ని కలవవు. కలవనివాటి మధ్య పోలిక ఏమిటో ఫోను చేసేవారికి బోధపడదు. ఎప్పుడూ పనిచేయని యంత్రం కంటె అప్పుడప్పుడు పనిచేసే యంత్రం ఎక్కువ బాధపెడుతుందని ఈ వృత్తిలో ఉన్నవారెవరైనా ఒప్పుకుంటారు.

టోపీ గుర్తుకు జోడు డాలరు గుర్తు. నంబరు అక్కడితో ముగిసిందని దాని అర్థం. చుక్కకు ఏదో ఒక అంకె అని అర్థం. నియమాలు అనేకం ఉన్నప్పుడు రౌటరు వాటిని వరుస సంఖ్య ప్రకారం చదువుతుంది. మొదట ఏది సరిపోలితే దానిని అమలు జరిపి అక్కడితో ఆగిపోతుంది. ఆ కింద ఎంత మంచి నియమం ఉన్నా దాని మొగం చూడదు. ఈ చివరి లక్షణం ఎన్ని చిక్కులు తెస్తుందో మన దేశంలో 2021 జనవరిలో ఎన్నో కార్యాలయాలు చవిచూడగల పరిస్థితి వచ్చింది.

కనుమనాటి సున్న

దేశంలో మొబైల్ నంబర్లు నిండుకోవచ్చు. ఉన్న పది అంకెల నంబర్లు చాలక పదకొండు అంకెలకు పోవడమా, మరొక మార్గం చూడడమా అన్నది టెలికాం నియంత్రణ సంస్థ ఎదుట నిలిచిన ప్రశ్న. అందరి నంబర్లనూ మార్చే బదులు, ల్యాండ్‌లైను నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు ఒక సున్న చేర్చితే చాలునని 2020 మే నెలలో సంస్థ సిఫారసు చేసింది. ప్రభుత్వం అంగీకరించింది. 2021 జనవరి 15వ తేదీ నుంచి అమలు. అంతకు ముందు తమ సర్కిల్‌లోని మొబైల్‌కు సున్న అక్కరలేదు. వేరే సర్కిల్‌లోని మొబైల్‌కే కావలసి వచ్చేది.

ఆ రోజు తెలుగునాట కనుమ. పండుగ ముగించుకొని సోమవారంనాడు హైదరాబాదులో తలుపులు తెరిచిన ఒక కార్యాలయాన్ని ఊహించుకోండి. బయటి లైనుకు సున్న నొక్కడం అక్కడి ఆచారం. రిసెప్షన్‌లోని ఉద్యోగిని ఎప్పటివలెనే సున్న నొక్కి, పది అంకెల మొబైల్ నంబరు నొక్కుతుంది. రౌటరులోని పాత నియమం మొదటి సున్నను తీసి పది అంకెలను ఎక్స్ఛేంజికి పంపుతుంది. ముందు సున్న చేర్చి చేయవలసిందని అవతల ఒక రికార్డు పలుకుతుంది. తాను సున్న నొక్కింది కదా! ఆమె చేతిలో తప్పు లేదు. ఆమె నొక్కిన సున్న ఆఫీసు వాకిటి దాకానే నడిచింది. ప్రభుత్వం అడిగిన సున్న వేరు.

ఇక్కడ ఇంజనీరు వస్తాడు. తెలిసినవాడైతే రౌటరు ముందు కూర్చోక మునుపే ఒక ప్రశ్న అడుగుతాడు: సరిగ్గా ఏ అంకెలు నొక్కారు? జ్ఞాపకం మీద చెప్పిన జవాబును నమ్మడు. తన ఎదుట మళ్లీ నొక్కమంటాడు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని పాతకాపులంటారు.

అతడు కొత్త నియమం రాస్తాడు. మొదట సున్న, తరువాత 6 నుంచి 9 వరకు ఏదో ఒక అంకె ఉంటే అది మొబైల్. కనుక సున్నను ఉంచాలి. దానిని పాత నియమం కింద రెండవదిగా చేర్చుతాడు. మార్పేమీ కనబడదు. పాత నియమం సున్నతో మొదలయ్యే ప్రతి నంబరునూ ముందే పట్టేస్తున్నది మరి. రెండవ నియమం దాకా ఏదీ రాదు. బస్సు మొదటి స్టాపులోనే నిండిపోతే రెండవ స్టాపులో నిలుచున్నవారి గతి ఇదే. వరుస మార్చి కొత్తదానిని పైన పెడతాడు. మొబైల్ నంబర్లు కలుస్తాయి. అతడు వెళ్లిపోతాడు.

మధ్యాహ్నానికి ఇంకొక ఫిర్యాదు. ఊళ్లోనే ఉన్న ఒక బ్యాంకుకు ఫోను పోవడం లేదు. హైదరాబాదులో ప్రైవేటు టెలిఫోను కంపెనీల ల్యాండ్‌లైను నంబర్లు కొన్ని 6తో మొదలవుతాయి, ఎనిమిది అంకెలు ఉంటాయి. కొత్త నియమం మొదటి అంకెను చూసింది గాని ఎన్ని అంకెలో లెక్క పెట్టలేదు. స్థానిక నంబరును కూడ మొబైల్ అనుకొని సున్నతో సహా సాగనంపింది. నియమం చివర తొమ్మిది చుక్కలు, ఒక డాలరు గుర్తు పెడితేగాని ఆ పొరపాటు తొలగదు. సున్న, ఆపై 6 నుంచి 9 లోపు అంకె, ఆపై సరిగ్గా తొమ్మిది అంకెలు, అంతటితో సమాప్తం. అప్పుడే అది మొబైల్.

పత్రికలో ప్రకటన చదివి జాగ్రత్తగా రెండు సున్నలు నొక్కేవారి కష్టం మరొక తీరు. ఎస్.టి.డి. ఖర్చుకు భయపడి, రెండు సున్నలతో మొదలయ్యే నంబరు ఏదైనా కింది ఉద్యోగులకు అందకుండా తాళం వేసిన కార్యాలయాలు ఉన్నాయి. ఒక సున్న ఆఫీసుది, రెండవది ఎస్.టి.డి.ది. ఎస్.టి.డి. భయం పోయింది, తాళం మిగిలింది. కొత్త చట్టం ప్రకారం సక్రమంగా నొక్కినవారికే ఆ తాళం అడ్డు తగులుతుంది.

ఏమీ తెలియనట్లు ఉండే చేయి

అన్నిటికంటె తల తినే కేసు మరొకటి ఉన్నది. రౌటరులో నియమాన్ని పరీక్షించడానికి ఒక ఆదేశం కలదు. నియమం సంఖ్యా, ఒక నంబరూ ఇస్తే, ఫోను చేయకుండానే ఆ నంబరు ఎలా మారుతుందో చూపుతుంది. ఒక కార్యాలయంలో చక్కగా పనిచేస్తున్న మొబైల్ నియమాన్ని నకలు చేసి, ఇంకొక కార్యాలయంలోని రౌటరులో పెట్టారనుకుందాం. పరీక్షలో నెగ్గుతుంది: సున్నతో పాటు పదకొండు అంకెలు తెర మీద కనబడతాయి. నిజంగా ఫోను చేస్తే మాత్రం కలవదు.

కారణం నియమంలో లేదు. నంబరును చూసి ఏ లైనులో పంపాలో నిర్ణయించే భాగాన్ని డయల్ పీర్ అంటారు. బయటి టెలిఫోను లైన్ల వైపు పంపే డయల్ పీర్‌కు పుట్టుకతో ఒక అలవాటు ఉన్నది. తనలో స్పష్టంగా రాసి ఉన్న అంకెలు ఏవైతే సరిపోలాయో వాటిని కత్తిరించి, మిగిలినవే పంపుతుంది. సున్న, ఆపై ఏదైనా అని దానిలో రాసి ఉంటే ఆ సున్న పోతుంది. మొదటి కార్యాలయంలో ఆ అలవాటును ఎవరో ఏనాడో మాన్పించారు. ఇక్కడ మాన్పించలేదు. నియమం కాపాడిన సున్నను దాని వెనుక నిలిచిన మరొక చేయి తుడిచేస్తున్నది. నెట్‌వర్కు మీద మరొక రౌటరు వైపు పంపే డయల్ పీర్‌కు ఈ అలవాటు లేదు. అందువల్ల ఒకే నియమం ఒక పక్క నెగ్గి, మరొక పక్క ఓడుతుంది.

దీనిని కనిపెట్టడానికి ఒకటే ఉపాయం. రౌటరు తన మనసులో ఏమనుకున్నదో చూడడం చాలదు, బయటి తీగ మీద నిజంగా ఏమి పలికిందో చూడాలి. డిజిటల్ లైన్ల మీద ప్రతి ఫోనుకూ ఒక సెటప్ సందేశం వెళ్తుంది. పిలిచినవారి నంబరు, పిలవబడినవారి నంబరు, అది ఏ జాతి నంబరో దానిలో ఉంటాయి. నంబరుకు జాతి ఉన్నదన్న సంగతి చాలామందికి కొత్త: స్థానికం, జాతీయం, అంతర్జాతీయం, తెలియనిది. అంకెలన్నీ సరిగ్గా ఉండి జాతి తప్పుగా రాసినా ఎక్స్ఛేంజి తిప్పి పంపవచ్చు. తిప్పి పంపేటప్పుడు కారణాన్ని ఒక సంఖ్యగా చెబుతుంది. 1 అంటే ఆ నంబరు ఎవరికీ కేటాయించలేదని. 28 అంటే నంబరు రూపమే సరిగా లేదని, అసంపూర్ణమని. ఇంజనీరు ఆ సంఖ్యను చదవడం, వైద్యుడు నాడి చూడడం ఒకటే.

911 చరిత్ర

నంబరు తప్పి బ్యాంకుకు ఫోను పోకపోతే గంట పోతుంది. అంబులెన్సుకు పోకపోతే పోయేది వేరు.

అత్యవసర నంబరు అన్న ఆలోచనే ఒక మరణవార్త నుంచి పుట్టింది. 1935 నవంబరులో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు తగలబడి ఐదుగురు స్త్రీలు మరణించారు. ఎదురుగా ఉన్న ఒకరు అగ్నిమాపక దళం కోసం ఫోను ఎత్తితే ఎక్స్ఛేంజిలో వరుసలో నిలవవలసి వచ్చింది. దాని పర్యవసానంగా 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలైంది. అమెరికాలో 911కు మొదటి పిలుపు 1968 ఫిబ్రవరి 16న, అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ పట్టణంలో. మన హైదరాబాదులో 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. ఈ నంబర్లన్నీ పొట్టివి. భయంతో వణికే వేలు కూడ తప్పకుండా నొక్కగలగాలన్నదే వాటి ఉద్దేశం.

మార్షల్ ఘటన తరువాత చనిపోయిన యువతి తండ్రి ఊరుకోలేదు. ఏ ఫోను నుంచి అయినా, ముందు ఏ అంకే నొక్కకుండా, 911 నేరుగా కలవాలని కోరుతూ దేశవ్యాప్తంగా విన్నపం నడిపాడు. అప్పట్లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌లో సభ్యుడైన భారత సంతతివాడు అజిత్ పాయ్, 2014 జనవరిలో పది పెద్ద హోటల్ సంస్థల అధిపతులకు లేఖలు రాశాడు. మీ హోటళ్లలో అతిథి 911 నొక్కితే ఏమవుతుందని అడిగాడు. 2015లో టెక్సస్ రాష్ట్రం చట్టం చేసింది. మృతురాలి పేరు మీదుగా కారీ చట్టం అని పిలిచే దేశవ్యాప్త చట్టం 2018 ఫిబ్రవరి 16న సంతకమైంది. హేలీవిల్ పిలుపుకు ఆ రోజుతో సరిగ్గా ఏభై సంవత్సరాలు. 2020 ఫిబ్రవరి 16 తరువాత తయారై, అమ్ముడై, అమర్చబడే బహుళ లైన్ల టెలిఫోను వ్యవస్థలకు అది వర్తిస్తుంది. నేరుగా 911 కలవడంతో పాటు, ఎవరో ఆ నంబరు చేశారన్న సంగతి ఆ భవనంలోని ముందు బల్లకో, మరొక బాధ్యుడికో తెలిసేటట్లు ఏర్పాటు ఉండాలని కూడ ఆ చట్టం చెబుతుంది. అంతకు పూర్వపు పాత వ్యవస్థలను అది తాకదు. ఇది చట్టంలో మిగిలిన పెద్ద సందు.

రౌటరులో చేయవలసిన మార్పు రెండే వరుసలు. 911 అని ఉన్నది ఉన్నట్లుగా పోల్చే డయల్ పీర్ ఒకటి, దాని అంకెలను కత్తిరించవద్దన్న మాట ఒకటి. 9911కూ దారి ఉంచాలి, పాత అలవాటువారు అలాగే నొక్కుతారు కనుక. ఇతర నంబర్లతో తగవు కూడ రాదు. అమెరికాలో ఏరియా కోడ్ ఏదీ 0తోగాని 1తోగాని మొదలు కాదు. బయటి లైనుకు 9, దూరపు ఊరికి 1 నొక్కాక మరొక 1తో మొదలయ్యే నంబరు లేనే లేదు. ఇన్ని సంవత్సరాలు ఆ రెండు వరుసలు రాయకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ కనిపించదు. ఎవరూ అడగలేదు, అంతే.

అయితే దీనికి మూల్యం లేకపోలేదు. 9, 1 నొక్కి వేలు తడబడి మరొక 1 నొక్కినవారంతా ఇప్పుడు పోలీసులకు చేరతారు. అమెరికాలోని మన తెలుగువారికి ఈ ప్రమాదం ఇంకొంచెం దగ్గర. ఆఫీసు ఫోను నుంచి హైదరాబాదుకు చేయాలంటే బయటి లైనుకు 9, విదేశానికి 011, భారతదేశానికి 91, ఊరికి 40. తొందరలో ఆ 011లోని సున్న జారిపోయిందా, 9 తరువాత రెండు ఒకట్లే మిగులుతాయి. ఇంటికి ఫోను చేయబోయినవాడు అత్యవసర కేంద్రం ఆపరేటరుకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. అప్పుడు చేయదగిన పని ఒకటే: భయపడి ఫోను పెట్టేయకుండా, పొరపాటున చేశానని చెప్పడం. మాట లేకుండా తెగిపోయిన ఫోను వెనుక ఏమి జరుగుతున్నదో తెలియక అక్కడివారు మనిషిని పంపవచ్చు. ఈ బాధ పడలేక కొన్ని సంస్థలు బయటి లైను అంకెను 9 నుంచి 8కో, 7కో మార్చుకున్నాయి. నిజానికి అదే తెలివైన పని.

గది నంబరు 108

భారతదేశంలో చిక్కు మరో రూపంలో ఉన్నది. దీనికి ఇంజనీరే కానక్కరలేదు, హోటలు గదిలో దిగిన ఎవరైనా గమనించవచ్చు. మన హోటళ్లలో చాలా చోట్ల గది నంబరే ఫోను నంబరు. మొదటి అంతస్తులో 101 నుంచి వరుసగా గదులు ఉంటాయి. 101 అగ్నిమాపక దళం. 108 అంబులెన్సు. 112 దేశమంతటికీ ఒకటిగా తెచ్చిన అత్యవసర నంబరు. అర్ధరాత్రి గుండెనొప్పితో లేచిన మనిషి పక్కన అతని భార్య గది ఫోను ఎత్తి 108 నొక్కితే, నిద్రపోతున్న మరొక అతిథి లేచి, ఎవరండీ అని అడుగుతాడు. ఆమె సున్న చేర్చి 0108 నొక్కాలి. ఆ మాట బల్ల మీది కార్డులో కింద ఎక్కడో సన్నని అక్షరాలలో ఉండవచ్చు.

దీనికి మందు ఉన్నది. కొత్తగా కట్టే హోటలులో గదుల ఫోన్లకు నాలుగు అంకెలు ఇస్తే 101, 108, 112 ఖాళీగా మిగులుతాయి. అప్పుడు వాటిని నేరుగా బయటికి పంపే దారి రాయవచ్చు. పాత హోటలులో కనీసం ఆ మూడు గదుల ఫోన్లకైనా వేరే నంబరు ఇవ్వవచ్చు. తలుపు మీది అంకె మార్చనక్కరలేదు.

అమెరికాలో ఈ పని శ్రద్ధగా చేసే ఇంజనీర్లకు ఒక పద్ధతి ఉన్నది. నియమాలు మార్చిన తరువాత, తెర మీది పరీక్ష నెగ్గిన తరువాత, తీగ మీది సందేశం చూసిన తరువాత కూడ వారు ఇంటికి పోరు. ముందుగా స్థానిక అత్యవసర కేంద్రానికి మామూలు నంబరు మీద ఫోను చేసి, ఫలానా సమయంలో ఒక పరీక్ష చేస్తామని చెప్పి అనుమతి తీసుకుంటారు. ఆ తరువాత ఏదో ఒక గదిలోకి వెళ్లి, అక్కడి ఫోను ఎత్తి, పిల్లలు నొక్కినట్లే మూడు అంకెలు నొక్కుతారు. ఆపరేటరు పలికితే, ఇది పరీక్ష, ఆపద ఏమీ లేదని మొదటి మాటగా చెప్పి, మీ తెర మీద ఏ చిరునామా కనబడుతున్నదో చదవమంటారు. ఆమె వీధి పేరు, భవనం నంబరు చదువుతుంది. అంతస్తు ఏది, గది ఏది అని వారు మళ్లీ అడుగుతారు. అవి కూడ సరిగా ఉంటే ఫోను పెట్టేసి, తరువాతి గదికి వెళ్తారు.